లూసియానా అడుగు, అమ్మలూ

అమ్మలూ,

ఐసెన్‌హోవర్ ఫెలోషిప్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. ఎంబీఏ చేసి భీమవరంలో రొయ్యల ప్లాంటు చూసుకునేదాన్ని, అంతర్జాతీయ వ్యవహారాల గురించి నేనేం మాట్లాడతానని టెన్షన్ పడుతున్నావట. రకరకాల దేశాల్లో పనిచేస్తున్నవాళ్ళని అమెరికా పిలిచి, అక్కడ వాళ్ళ రంగంవాళ్ళతో కలిపించే ఫెలోషిప్ అది, 1953 నుంచి నడుస్తోంది. పనిలో తలమునకలైనవాళ్ళనే పిలుస్తారు, పరీక్ష పెట్టడానికి కాదు.

నీ పక్కన కూర్చునేవాళ్ళకి సుంకం అంటే ఒక అంకె. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద దిగుమతి సుంకం 50 శాతం చేసింది. రొయ్యకైతే యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారని వేసేది) వగైరా అదనం. ఆ మాట ప్లాంటు నుంచి ఏజెంటుకి, ఏజెంటు నుంచి ఉండి, ఆకివీడు చెరువు గట్ల మీదికి ఎలా చేరిందో నీకు తెలుసు. లీజు ముందే కట్టి, మేత అప్పు తెచ్చి, రాత్రంతా చెరువుకి గాలి కొట్టే ఏరియేటర్ల దగ్గర కాపలా ఉన్న రైతు పట్టుబడి పట్టాలా, ఆగాలా? పడితే ధర లేదు, ఆగితే మేత ఖర్చు, పైగా తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్య చచ్చిపోతుందని భయం. ఇదంతా చెప్పగలిగింది ఆ గదిలో నువ్వొక్కదానివే.

ఎవరెవర్ని కలవాలో నీ ప్రాజెక్టును బట్టి ఏర్పాటు చేస్తారు. అందరూ వాషింగ్టన్, న్యూయార్క్ అంటారు. నువ్వు లూసియానా కూడా అడుగు, సముద్రంలో రొయ్యలు పట్టేవాళ్ళుండే దక్షిణ తీర రాష్ట్రం అది. 2005లో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది అటు తీరంవాళ్ళ ఫిర్యాదుతోనే. నేను వెళ్ళినప్పుడు ఒక బోటు యజమాని మొదట సరిగ్గా పలకరించనే లేదు. కాసేపయ్యాక లోపలికెళ్ళి డీజిల్ బిల్లులు తెచ్చి బల్ల మీద పరిచాడు. రొయ్య ధర పడిపోయింది, డీజిల్ తగ్గలేదు, కొడుకేమో బోటెక్కనంటున్నాడు అన్నాడు. అచ్చం మన రైతు మాటే! సుంకం విషయంలో అతనితో నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ తర్వాత యాంటీ డంపింగ్ విచారణ కాగితాలు చదువుతుంటే అవతలివాడి లెక్క తెలిసేది. అక్కడ వాదన పెట్టుకోకు. మన ఖర్చులు అడిగితే మాత్రం దాచకు.

మన రొయ్యల్లో యాంటీబయాటిక్స్ ఆనవాళ్ళ సంగతి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. వెనక్కొచ్చిన కంటైనర్ల వివరాలు ఆహారం, మందులు తనిఖీ చేసే వాళ్ళ ఎఫ్‌డీఏ దగ్గరే ఉంటాయి, కాబట్టి నీళ్ళు నమలొద్దు. చెరువు దగ్గర శాంపిల్ ఎలా తీస్తారో, ఎక్కడ లోపం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పు.

సరుకు మాత్రం అమ్మబోకు. ఆర్డర్ కోసం వచ్చిందని తోస్తే ఎదుటివాళ్ళు నోరు మూసేస్తారు. కంపెనీ లెక్కల్లో ఏది చెప్పొచ్చో, ఏది కూడదో వెళ్ళేలోపే మీ ఎండీతో తేల్చుకో.

కొన్ని సమావేశాలు చాటం హౌస్ రూల్ మీద నడుస్తాయి, లండన్‌లో ఆ పేరున్న సంస్థ పెట్టిన నియమం. 1927 నాటిది. విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో బయటపెట్టకూడదు. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకి కష్టమే అనుకో! వాట్సాప్ స్టేటస్ జోలికి వెళ్ళకు.

మీ అమ్మ ఆవకాయ కడుతుందట, వద్దనకు. చలికోటు అక్కడే కొనుక్కో.

ఎండీతో మాట్లాడాక ప్రాజెక్టు కాగితం నాకు పంపు. ఎవరెవర్ని కలవాలో కలిసి రాద్దాం.

మీ పెదనాన్న