విదేశానికి మారుతున్నప్పుడు కుక్కను సుదీర్ఘ విమాన ప్రయాణానికి ఎలా సిద్ధం చేయాలి?

ఐదేళ్ల లాబ్రడార్‌ను వెంటబెట్టుకుని మరో ఖండానికి మారుతున్నామని, అన్ని గంటలపాటు అది విమానం అడుగుభాగంలో ఒంటరిగా ఉండాల్సి రావడం తలచుకుంటేనే భయంగా ఉందని, బయలుదేరే ముందు మత్తుమందు ఇప్పించడం మంచిదేనా అని మీరు అడిగారు. మా కుక్క కూడా ఇంచుమించు అంతే పరిమాణంలో ఉంటుంది, అదీ కార్గో విభాగంలోనే ప్రయాణించి మాతోపాటు కొత్త దేశానికి వచ్చింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, మత్తుమందు ఇప్పించకండి. దానికి బదులు ఈ వారమే క్రేట్, అంటే ప్రయాణంలో కుక్కను ఉంచే గట్టి పెట్టె, కొని ఇంట్లో పెట్టండి. ప్రయాణ తేదీ ఇంకా ఖరారు కాకపోయినా, గమ్యస్థాన దేశపు నిబంధనలు చదివి అక్కడి నుంచి వెనక్కి రోజులు లెక్కవేసుకోండి.

మత్తుమందు విషయంలో పశువైద్యులు, విమానయాన సంస్థలు ఇంత పట్టుదలగా ఉండడానికి కారణం ఉంది. మత్తు వల్ల రక్తపోటు పడిపోతుంది, శ్వాస మందగిస్తుంది, శరీర ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుకునే శక్తి తగ్గుతుంది. విమానం ఎత్తుకు చేరాక లోపలి గాలి పీడనం నేలమీద ఉన్నంత ఉండదు కనుక ఈ ప్రభావాలు మరింత ప్రమాదకరమవుతాయి. విమానం కుదుపులకు లోనైనప్పుడు మత్తులో ఉన్న కుక్క కాళ్లు నిలదొక్కుకోలేక గాయపడవచ్చు. పైగా అక్కడ దాని పరిస్థితి గమనించే మనిషి పక్కన ఉండడు. మత్తులో ఉన్నట్టు కనిపించిన జంతువును చాలా సంస్థలు కౌంటర్ దగ్గరే తిరస్కరిస్తాయి. జంతువులను ఉంచే భాగంలో కూడా ప్రయాణికుల క్యాబిన్‌లో లాగే గాలి పీడనాన్ని నియంత్రిస్తారని, ఉష్ణోగ్రత కూడా అదుపులోనే ఉంటుందని తెలిశాక నా భయం చాలావరకు తగ్గింది. అక్కడ చీకటిగా ఉంటుంది, ఇంజిన్ హోరు ఉంటుంది, అంతే. ఆ చీకటిలో, ఆ హోరులో కూడా కుక్క ‘ఇది నా చోటు’ అనుకోగలిగితే చాలు. అందుకే క్రేట్ గురించి కాస్త వివరంగా చెబుతాను.

అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా, రూపొందించిన నిబంధనల ప్రకారం కుక్క క్రేట్‌లో తల వంచకుండా నిలబడగలగాలి, నిటారుగా కూర్చోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, సహజమైన భంగిమలో పడుకోగలగాలి. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు, నేల నుంచి ముందుకాలి మోచేతి కీలు వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు వస్తుంది. ఉదాహరణకు మొదటిది 85 సెం.మీ., రెండోది 30 సెం.మీ. అయితే లోపలి పొడవు 100 సెం.మీ. ఉండాలి. వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు ఉండాలి. ఎత్తును నిలబడిన కుక్క తల నుంచి గానీ నిక్కిన చెవుల కొస నుంచి గానీ, ఏది ఎక్కువైతే దాన్నుంచి కొలిచి, అడుగున వేసే పరుపు మందాన్ని కూడా కలుపుకోవాలి. మా కుక్కవి నిక్కిన చెవులు. కౌంటర్‌లోని ఉద్యోగి దాన్ని క్రేట్‌లో నిలబెట్టి, ఒంగి చూసి, చెవుల కొసలకూ పైకప్పుకూ మధ్య తన అరచేతిని అడ్డంగా పెట్టి చూశాకే కాగితాలమీద ముద్ర వేశాడు. క్రేట్ రెండు భాగాలను ప్లాస్టిక్ క్లిప్పులతో కాకుండా లోహపు బోల్టులతో బిగించండి. తలుపు లోహపు జాలీదై ఉండాలి, గాలి నాలుగు వైపుల నుంచీ రావాలి, తలుపు తెరవకుండానే బయటి నుంచి నీళ్లు పోయగలిగేలా గిన్నె తలుపుకే అమర్చి ఉండాలి.

క్రేట్ అలవాటు చేయడంలో తొందర పనికిరాదు. మొదట పైకప్పు తీసేసి, అడుగు భాగాన్ని మాత్రమే అది రోజూ పడుకునే మూలలో పెట్టి, దాని పాత దుప్పటిని అందులో పరచండి. మా ఇంట్లో కొన్నాళ్లు రోజూ తిండి అందులోనే పెట్టేవాళ్లం. అది పిలవకుండానే వెళ్లి పడుకోవడం మొదలయ్యాక పైకప్పు బిగించాం, ఆ తర్వాత తలుపు పెట్టాం. తలుపు మూయడం కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, రాత్రంతా అందులోనే నిద్రపోయే స్థితికి వచ్చేవరకు క్రమంగా పెంచాం. కుక్క మూలుగుతున్నప్పుడు తలుపు తీయకండి, ఒక్క క్షణం ఊరుకోగానే తీయండి. లేకపోతే మూలిగితే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. ఇది కుదిరాక క్రేట్‌ను కారులో పెట్టి దూరం తిప్పండి. కదలికకు, శబ్దానికి, చీకటికి అలవాటు పడేందుకు దీన్ని మించిన సాధన నాకు కనబడలేదు. నీటి గిన్నె విషయం చాలామంది మరచిపోతారు. నేలమీది గిన్నెలో తాగే కుక్కకు తలుపుకు వేలాడే గిన్నె కొత్తగా ఉంటుంది కాబట్టి ఇంట్లో కూడా క్రేట్ గిన్నెలోనే నీళ్లు పోయండి.

ఇక కాగితాల విషయంలో ఏది ముందు, ఏది వెనుక అన్నదే ప్రధానం. మొట్టమొదట ఐఎస్ఓ, అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, ప్రమాణానికి సరిపోయే 15 అంకెల మైక్రోచిప్ (చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్) వేయించాలి, రేబీస్ టీకా ఆ తర్వాతే. చిప్ కంటే ముందు వేసిన టీకాను ఐరోపా సమాఖ్య సహా అనేక దేశాలు లెక్కలోకి తీసుకోవు. మీరు బయలుదేరే దేశం, చేరే దేశం ఏవన్నదాన్ని బట్టి రక్తంలో రేబీస్ యాంటీబాడీల, అంటే టీకా వల్ల ఏర్పడే రక్షక ప్రోటీన్ల, పరీక్ష కూడా అవసరం కావచ్చు. అందులో మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు రావాలి. ఈ పరీక్ష అక్కర్లేదని ఐరోపా సమాఖ్య గుర్తించిన దేశాల జాబితాలో లేని దేశం నుంచి అక్కడికి వెళ్లేవారు టీకా వేయించిన 30 రోజుల తర్వాత రక్తం తీయించి, ఆ నాటి నుంచి మూడు నెలలు ఆగాలి. రేబీస్ ఉన్న దేశాల నుంచి వచ్చే కుక్కల విషయంలో జపాన్ రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు ఆగమంటుంది. ఆ వ్యవధి పూర్తికాకుండా వెళితే మిగిలిన రోజులు కుక్క అక్కడి క్వారంటైన్‌లో గడపాల్సి వస్తుంది. బ్రిటన్‌కు చేరడానికి 24 నుంచి 120 గంటల ముందు పశువైద్యుడి చేత బద్దెపురుగుల మందు ఇప్పించి నమోదు చేయించాలి. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కలను అనుమతించడం లేదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చదవండి. ఏజెంటును పెట్టుకున్నా సరే, తేదీల లెక్క మీ చేతుల్లో ఉండాలి.

మరో మాట, పశువైద్యుడి దగ్గర స్కానర్‌తో చిప్‌ను చదివించి, అందులో కనిపించిన అంకెలను ప్రతి కాగితంమీదున్న అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. మా కుక్క చిప్ చర్మం కింద జరిగి మెడ వెనుక నుంచి భుజం పక్కకు చేరింది. ఆ సంగతి ముందే తెలియడం వల్ల దిగిన చోట అధికారికి స్కానర్ ఎక్కడ పెట్టాలో చూపించగలిగాను.

టికెట్ విషయానికొస్తే, వీలైతే నేరుగా వెళ్లే విమానమే ఎంచుకోండి. కుక్కకు కష్టం గాలిలో కన్నా నేలమీదే ఎక్కువ, ఎందుకంటే ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఎండలోనో చలిలోనో ఎదురుచూడాల్సి రావచ్చు. ఉష్ణోగ్రత దాదాపు 29 డిగ్రీలు దాటితే చాలా సంస్థలు జంతువులను ఎక్కించుకోవు కాబట్టి వేసవిలో రాత్రి విమానం మేలు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాస ఇబ్బంది ఎక్కువ కనుక అనేక సంస్థలు వాటిని అసలే అంగీకరించవు. మీ లాబ్రడార్‌కు ఆ చిక్కు లేదు. అయితే దాని బరువు ఎక్కువగా ఉంటే ఇప్పటి నుంచే తగ్గించండి, ఎందుకంటే అధిక బరువున్న కుక్కకు వేడిని తట్టుకోవడం కష్టం.

ప్రయాణం రోజున బయలుదేరడానికి నాలుగైదు గంటల ముందు తేలికైన భోజనం పెట్టి, ఆపైన నీళ్లు మాత్రమే ఇవ్వండి. విమానాశ్రయానికి వెళ్లే ముందు బాగా నడిపించి, మలమూత్రాలు పూర్తయ్యాకే క్రేట్‌లోకి పంపండి. లోపల కొత్త పరుపు వద్దు, మీరు వాడిన ఉతకని చొక్కా ఒకటి వేయండి, ఆ వాసన దానికి ధైర్యం. అప్పగించేటప్పుడు కౌగిలించుకుని ఏడవాలనిపిస్తుంది, కానీ మన కంగారును కుక్క ఇట్టే పసిగడుతుంది. రోజూ రాత్రి క్రేట్‌లోకి పంపే మాటతోనే లోపలికి పంపి, మామూలుగా తలుపు వేయండి.

దిగాక క్రేట్ తలుపును బయట తీయకండి, మూసిన గదిలో పట్టీ తగిలించాకే తీయండి. కొత్త చోట, కొత్త వాసనల మధ్య ఎంత బుద్ధిమంతురాలైన కుక్క అయినా బెదిరి పరుగెత్తవచ్చు. ఆ మొదటి రోజుల్లోనే తప్పిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, చిప్ నమోదులో పాత ఫోన్ నంబరు తీసేసి కొత్త దేశపు నంబరు, చిరునామా చేర్చే పనిని సామాను విప్పక ముందే ముగించండి.