రెక్కలు బాగానే ఉన్నాయి కదా, మరెందుకు దించేశారు?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు ముందు మా స్కూలు పిల్లల్ని విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం చూపించడానికి తీసుకెళ్లాను. 29 ఏళ్లలో 30 వేల గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరిందట. "అంత మంచి విమానాన్ని ఎందుకు ఆపేశారు మేడమ్?" అని ఏడో తరగతి పిల్లాడు అడిగాడు. ముసలిదైపోయింది నాన్నా అన్నాను. ఆ జవాబు వాడికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. మీరు నేవీలో ఆ విమానాల మీదే పనిచేశానని ఒకసారి రాశారు. కాస్త చెబుతారా?
– ఒక టీచరు, విజయనగరం

జవాబు: ముందు ఆ పిల్లాడికి నా లెక్కలో ఒక జీళ్ల పొట్లం కొనిపెట్టండమ్మా. తమిళనాడులోని అరక్కోణంలో ఆ విమానాల రెక్కల కింద నేను పదేళ్లు గడిపాను. ఇంజన్ల పని నాది. ఇలాంటి ప్రశ్న నన్ను ఇన్నాళ్లకు ఒకరు అడిగారు.

ముసలిదైపోయిందన్న మాట సగం నిజం. సోవియట్ యూనియన్ నుంచి 1988లో మొదట గోవాకి వచ్చాయి, మొత్తం ఎనిమిది. 1992లో అరక్కోణంలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాళికి మార్చారు. ఒక్కోదానికి నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజను 15 వేల గుర్రాల బలం. అంత బలాన్ని ఒకే ప్రొపెల్లర్‌కి ఇస్తే తట్టుకోదని ఒకదాని వెనక ఒకటి రెండు పెట్టారు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది ఎదురు తిరుగుతుంది. ముందుది మెలితిప్పిన గాలిని వెనకది సరిచేస్తుందన్నమాట. ఒక్కోదానికి నాలుగు బ్లేడులు, లెక్కేయమనండి పిల్లల్ని: 32 రావాలి. ఆ 32 ఒక్కసారి తిరిగితే వచ్చే మోత చెవులతో వినేది కాదు, పళ్లతో వినేది. మా ఆవిడ నన్ను ఇప్పటికీ రెండుసార్లు పిలవాల్సి వస్తోందంటే అది దాని చలవే.

డయళ్ల మీద, పైపుల మీద అన్నీ రష్యన్ అక్షరాలు. తోప్లివ అంటే ఇంధనం, మాస్ల అంటే ఆయిల్. మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం ముగ్గురం దాన్ని మసాలా అనేవాళ్లం. "మసాలా తక్కువైందిరా" అంటే ఆయిల్ చూడమని.

అసలు సంగతి ఇక్కడుంది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ ముక్కలైంది. అంతకుముందు సామాను కావాలంటే ఒక్క దేశంతో మాట్లాడితే సరిపోయేది. ఆ తర్వాత ఎవరి దగ్గర ఏ సామాను మిగిలిందో వెతుక్కోవాలి. వచ్చేదాకా విమానం నేల మీదే. మేమేం చేసేవాళ్లం? హ్యాంగర్‌లో ఒకదాన్ని పక్కన నిలబెట్టి, దాని పంపు ఊడదీసి రేపు ఎగరాల్సినదానికి బిగించేవాళ్లం. రెండు రోజులు పోయాక మళ్లీ ఊడదీసి ఇంకోదానికి. ఒక్క పంపు కోసం మూడుసార్లు చేసిన పని అది. అరక్కోణం మే నెల ఎండలో రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. ఆకాశంలో ఒక గంట తిప్పడానికి కింద ఎన్ని గంటలు ఒళ్లు వంచాలన్నదే విమానానికి అసలు వయసు. రెక్క విరిగి ఆగిపోయిన విమానం కాదమ్మా ఇది. దాన్ని ఎగిరించడం మోయలేని పనైపోయింది, అందుకే ఆపారు.

ఇంకో కారణం ఆ రోడ్డు మీదే మీకు కనిపించి ఉంటుంది. విమానానికి ఎదురుగా ఇసుకలో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ చూశారా? టీయూ-142 పుట్టిందే అలాంటివాటిని వెతకడానికి. నీళ్ల కింద ఉన్నది పైనుంచి కనపడదు, వినాలి. సోనోబాయ్ అనే గొట్టాల్ని చిన్న పారాచూట్‌తో సముద్రంలోకి వదులుతారు. అది తేలుతూ కిందికి ఒక మైకు దించుతుంది. నీళ్లలో వినపడ్డ చప్పుడును పైనున్న విమానానికి రేడియోలో పంపుతుంది. 1969లో నేవీలో చేరిన కురుసుర లాంటివాటికి బ్యాటరీలు చార్జి చేసుకోవాలంటే పైకి రావాలి, లేదా గాలి గొట్టమైనా నీటి పైకి పెట్టాలి. అప్పుడు రాడార్‌కి దొరుకుతుంది. తర్వాత వచ్చిన సబ్‌మెరైన్లు చప్పుడు తగ్గించుకున్నాయి. మా విమానం చెవులు మాత్రం 1980లవే.

2017 మార్చి 29న రాజాళిలో వీడ్కోలు చెప్పినప్పుడు నేను వెళ్లలేదు. అప్పటికి రిటైరై విశాఖలో ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఉంటున్నాను. తర్వాతి నెలలో, మీరు చూసిన ఆ విమానమే చివరిసారి ఎగిరి విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగింది. ఇడ్లీ తింటున్నాను. కంచంలో గ్లాసు సన్నగా అదరడం మొదలైంది. చెయ్యి కడుక్కోకుండా మేడ మీదికి పరిగెత్తాను. అక్కడి నుంచి రెక్కలు ఊడదీసి, ముక్కలుగా బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది.

ప్రశ్న: దీని స్థానంలో వచ్చిన పీ-8ఐ బోయింగ్ 737 ప్రయాణికుల విమానాన్ని మార్చి చేసిందే కదా. యుద్ధ విమానానికి అది తక్కువ కాదా?
– డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట

జవాబు: తక్కువ కాదు బాబూ, అదే దాని బలం. 737లు ప్రపంచమంతా తిరుగుతున్నాయి, సామాను దొరుకుతుంది. పైన నేను ఏడ్చిన ఏడుపంతా ఇంకోసారి చదువు, ఎందుకంటున్నానో తెలుస్తుంది. మొదటి పీ-8ఐ 2013 మే నెలలో అరక్కోణానికే వచ్చింది. అంటే పాతదీ కొత్తదీ దాదాపు నాలుగేళ్లు ఒకే రన్‌వే మీద తిరిగాయి. కొత్తదానికి జెట్ ఇంజన్లు రెండే. లోపల కూర్చుంటే పక్కవాడి మాట వినపడుతుందని ఒక కుర్ర సెయిలర్ నాతో గొప్పగా చెప్పాడు. వాడు నిజమే చెప్పాడు. నాకే కాస్త కుళ్లు పుట్టింది.

టీచరమ్మా, మళ్లీ వెళితే పిల్లల్ని తోక చివరికి తీసుకెళ్లండి. అక్కడ అద్దాల గూడు ఒకటి ఉంటుంది, వెనక్కి తిరిగి కూర్చునే గన్నరుది. దారి పొడుగునా వచ్చేది కాక వెళ్లిపోయేదే చూస్తూ గంటల తరబడి కూర్చునేవాడు. మధ్యలో టీ ఎలా తెప్పించుకునేవాడని ఆ ఏడో తరగతి పిల్లాడు తప్పకుండా అడుగుతాడు. ఫ్లాస్కు తనే మోసుకెళ్లేవాడని చెప్పండి.