భోజనం వేళకు మామగారికి ఎక్కడలేని చిరాకు.. ఎందుకు?

ప్రశ్న: మా మామగారికి 66 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, రోజూ ఉదయం గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. శనివారాలు ఒక్కపొద్దు ఉంటారు. మూడు నెలలుగా మధ్యాహ్నం భోజనం వేళకు అయినదానికీ కానిదానికీ చిర్రుబుర్రులాడుతున్నారు. చెమటలు కూడా పడుతున్నాయి. తిన్నాక మళ్లీ మామూలే. మెడికల్ షాపులో అడిగి, ఆందోళన తగ్గించే అల్‌ప్రజోలం తెచ్చి రాత్రిళ్లు ఇస్తున్నాం. ఇది డిప్రెషనా, వయసుతో వచ్చే ముక్కోపమా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చిరాకు జబ్బు కాదమ్మా, లక్షణం. డిప్రెషన్‌లోనూ ఉంటుంది, థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది, నిద్ర చాలకపోయినా వస్తుంది. కానీ తినకముందు కోపం, చెమటలు, తినగానే సర్దుకోవడం చూస్తే షుగర్ పడిపోతోందేమోనని నా అనుమానం. పరీక్ష చేయకుండా ఇదేనని చెప్పలేను.

గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఆ మాత్ర వేసుకుని ఒక్కపొద్దు ఉండటం ప్రమాదం. కిడ్నీల పనితీరు తగ్గితే ఇంకా ప్రమాదం, అందుకే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూడాలి. ఈసారి కసురుకున్నప్పుడు ఎదురు మాట్లాడకుండా గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరిగాక ఏదైనా తినిపించండి. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ అల్‌ప్రజోలం సంగతి. డాక్టర్ చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వకూడదు, మీరూ అడగకూడదు. పెద్దవాళ్లలో తూలిపడటం, తికమక తెస్తుంది, అలవాటవుతుంది. పైగా రాత్రి నిద్రలో షుగర్ పడిపోతే ఆ మత్తులో మీకు తెలియదు, ఆయనకూ తెలియదు. 'కొంచెం నెమ్మదించారు' అని మురిసిపోవడం నా ఓపీలో తరచూ వింటాను. నెమ్మదించడం వేరు, మందు మత్తులో ఉండటం వేరు. అలాగని ఈరోజే ఆపేయకండి. కొన్నాళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా మానినా ఫిట్స్ రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

మూడు నెలలు ఆగారు, ఇక ఆగొద్దు. ఈ వారమే షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించమంటారు. బీపీ మాత్రలతో సహా ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ పట్టుకెళ్లండి. కొన్ని బీపీ మందులు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, గుండెదడ బయటపడనివ్వవు. షుగర్ బాగానే ఉందని తేలితే అప్పుడు డిప్రెషన్ గురించి మాట్లాడదాం. అప్పటిదాకా శనివారం ఒక్కపొద్దు మాన్పించండి.