సూత్రం బొమ్మైతే పని తిరిగొస్తుంది

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీఎస్సీ మ్యాథ్స్ పూర్తిచేశాడు. విజయవాడలో ఆన్‌లైన్ టెస్టులు తయారుచేసే ఒక సంస్థ, ఇంటర్ సమాకలన సూత్రాలను వెబ్ పేజీలో పట్టికగా చేసి పంపమంది. సూత్రాలు తర్వాత దిద్దుకునేలా ఉండాలన్నారు. వాడు వర్డ్‌లో చేసి, వెబ్ పేజీగా సేవ్ చేసి పంపితే తిప్పికొట్టారు. తప్పెక్కడ? ఈ పనిని నమ్ముకోవచ్చా, ఎంఎస్సీలో చేర్పించాలా?
– ఒక తండ్రి, అరండల్‌పేట

జవాబు: తప్పు లెక్కల్లో లేదండీ, సేవ్ చేసిన తీరులో ఉంది. వర్డ్ నుంచి అలా సేవ్ చేస్తే సమీకరణాలు బ్రౌజర్‌లో బొమ్మలుగా మారిపోతాయి. చివర ‘+ సి’ ఒక్కటి మరిచినా ఆ బొమ్మను మళ్లీ తయారుచేయాల్సిందే. ఫోన్లో పెద్దది చేస్తే మసకబారుతుంది, వెతికితే దొరకదు, చూపులేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు. వాళ్లకు కావలసింది సూత్రం అక్షరాల రూపంలోనే పేజీలో ఉండటం.

అందుకు మ్యాథ్ఎంఎల్ అనే ప్రమాణం, అంటే వెబ్ పేజీలో గణితం రాసే కోడ్ పద్ధతి, 1998 నుంచే ఉంది. క్రోమ్ కూడా 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్ నుంచి దాన్ని నేరుగా చూపిస్తోంది. కానీ చేత్తో టైపు చేయడం నరకం, చిన్న భిన్నానికే బోలెడు ట్యాగులు (కోణపు బ్రాకెట్లలో రాసే కోడ్ ముక్కలు). కాబట్టి లేటెక్‌లో, అంటే సూత్రాలను మామూలు అక్షరాల ఆదేశాలతో రాసే పద్ధతిలో రాసి, దాన్ని బ్రౌజర్‌లో సూత్రంగా చూపించే మ్యాథ్‌జాక్స్ అనే ప్రోగ్రామ్‌తో చూపించమనండి.

నోట్‌ప్యాడ్ చాలు. ఫైలును హెచ్‌టీఎంఎల్ ఎక్స్‌టెన్షన్‌తో, ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుని, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి. ఆన్సీలో చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. హెడ్ భాగంలో మ్యాథ్‌జాక్స్ స్క్రిప్ట్ లైను ఒకటి పెట్టి, కింద టేబుల్ ట్యాగులతో పట్టిక కట్టి, ప్రతి గడిలో సూత్రాన్ని \( \) గుర్తుల మధ్య రాయాలి. చాలామంది డాలర్ గుర్తు మధ్య రాసి, పనిచేయలేదని తల పట్టుకుంటారు. మ్యాథ్‌జాక్స్‌లో ఒంటి డాలర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగ్ మార్చాలి.

వర్డ్‌లో చేసిన పని వృథా కాదు. కొత్త వర్డ్‌లో ఈక్వేషన్ ట్యాబ్‌లో లేటెక్ ఎంచుకుని, కన్వర్ట్‌లో లీనియర్ నొక్కితే కోడ్ వస్తుంది. కాపీ చేసుకుని ఒకసారి సరిచూసుకోవాలి.

చిక్కులు పట్టికలోనే వస్తాయి. ఒకటి బై ఎక్స్ సమాకలనంలో లాగ్ పక్కన మాడ్యులస్ నిలువు గీతలుంటాయి కదా! పట్టికను ట్యాగులు లేకుండా మామూలు గుర్తులతో రాసే మార్క్‌డౌన్ పద్ధతిలో కడితే ఆ గీతనే గడి సరిహద్దు అనుకుని వరస చీలిపోతుంది. గీతకు బదులు ‘ఎల్‌వర్ట్’ (\lvert), ‘ఆర్‌వర్ట్’ (\rvert) ఆదేశాలు వాడాలి. మాత్రికల్లో వరస మార్చే జంట బ్యాక్‌స్లాష్‌లో ఒకదాన్ని మార్క్‌డౌన్ మింగేస్తుంది, మాత్రిక ఒకే వరసలో కూలబడుతుంది. హెచ్‌టీఎంఎల్‌లో ‘<’ (కంటే చిన్నది) గుర్తుకు వెంటనే అక్షరం తగిలితే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ అనుకుంటుంది, తర్వాతి భాగం మాయం. మధ్యలో ఖాళీ వదలాలి, లేదా ‘ఎల్‌టీ’ (\lt) ఆదేశం రాయాలి. గడిలో భిన్నాలు చీమల్లా కనిపిస్తే ‘ఫ్రాక్’ (\frac) ఆదేశం బదులు ‘డీఫ్రాక్’ (\dfrac). పెద్ద సూత్రం ఫోన్ తెర దాటిపోతే పట్టికను అడ్డంగా జరుపుకునే డబ్బాలో పెట్టాలి.

సంస్థ సొంత ఎడిటర్లో అతికించినప్పుడు అది సూత్రం మధ్యలో స్పాన్ ట్యాగులు దూర్చవచ్చు. అప్పుడు సూత్రానికి బదులు కోడే కనిపిస్తుంది. ఫార్మాటింగ్ లేకుండా అతికించాలి, అంటే కంట్రోల్, షిఫ్ట్, వీ. తెలుగు మాటలను సూత్రం బయటే ఉంచడం మేలు, లోపల ఫాంట్ కొలతలు కుదరవు. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల మెటీరియల్ ఇస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. లేకపోతే పేజీలో పిచ్చి గుర్తులొస్తాయి.

ఇక భవిష్యత్తు మాట. కేవలం సూత్రాలు టైపు చేయడమే వృత్తి అనుకుంటే వద్దు. ఫొటో తీస్తే లేటెక్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది. అవి ఘాతాంకాన్ని తప్పు చదివినప్పుడు పట్టుకోవడానికి లెక్కలొచ్చినవాడు కావాలి. మీవాడికి చోటున్నది అక్కడే. టెస్టుల సంస్థల్లో ప్రశ్నలు రాసే, సరిచూసే పనికి ఇది మంచి మెట్టు. పరిశోధన పత్రికలకు టైప్‌సెట్టింగ్ చేసే సంస్థలు చెన్నై, పుదుచ్చేరిలలో ఉన్నాయి. అక్కడ లేటెక్‌తోపాటు, సమాచారాన్ని ట్యాగులతో విడదీసి రాసే ఎక్స్‌ఎంఎల్ కూడా అడుగుతారు.

లెక్కలంటే ఇష్టముంటే ఎంఎస్సీ మానిపించకండి. ప్రాజెక్టు రిపోర్టుకు లేటెక్ ఎలాగూ పనికొస్తుంది, నాగార్జున యూనివర్సిటీకి గుంటూరు నుంచే వెళ్లిరావచ్చు. ఈలోగా ఆ పట్టికనే సరిచేసి మళ్లీ పంపించమనండి. స్క్రీన్‌షాట్ కాదు, ఫైలే పంపాలి. పంపేముందు ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో తెరిచి చూసుకోమనండి. స్క్రిప్ట్ నెట్ నుంచి వస్తుంది కాబట్టి డేటా ఆపేస్తే సూత్రాలకు బదులు కోడ్ కనిపించవచ్చు. ఆ సంగతి మెయిల్‌లో ఒక వాక్యం రాస్తే చాలు.