మొదటి సూదికే జ్వరం వచ్చింది, రెండోది వేయించాలా?

వేయించండి బాబూ. మీ ప్రశ్నకు సూటి జవాబు అదే.

పాపకు ఆరో వారంలో పెంటా సూది వేయిస్తే ఒకటిన్నర రోజు జ్వరం వచ్చిందని, తొడ వాచి రాత్రంతా ఏడ్చిందని, మీ అత్తగారు ఇక ఆ సూదుల జోలికి పోవద్దంటున్నారని రాశారు. అసలు ఈ జబ్బులు ఇప్పుడు ఎక్కడున్నాయని కూడా అడిగారు. నేను 1985 నుంచి 2020 దాకా పాత వరంగల్ జిల్లాలోని సబ్ సెంటర్లలో ఏఎన్ఎంగా పనిచేశాను. ఈ ప్రశ్నను గడప గడపకూ విన్నదాన్ని. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు జ్వరం సంగతి. పెంటాలో అయిదింటికి రక్షణ ఉంటుంది: కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-బి, న్యుమోనియానూ మెదడు పొరల వాపునూ తెచ్చే హిబ్ అనే సూక్ష్మజీవి. వీటిలో జ్వరం తెచ్చేది ముఖ్యంగా కోరింత దగ్గు భాగం. ప్రభుత్వ టీకాలో ఆ సూక్ష్మజీవిని చంపి, మొత్తంగా వాడతారు. చచ్చినది జబ్బును తేలేదు. కానీ ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగానే చూసి కలబడుతుంది. ఆ కలబాటు వేడే మీ పాప జ్వరం. సాధారణంగా రెండు రోజుల్లో పోతుంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో 'నొప్పి లేని టీకా' అని వేసేదానిలో ఆ సూక్ష్మజీవి నుంచి తీసిన కొన్ని ముక్కలే ఉంటాయి కాబట్టి జ్వరం తక్కువ. అయితే కోరింత దగ్గు నుంచి అది ఇచ్చే రక్షణ తొందరగా తగ్గిపోతుందని తేలింది. ఖరీదు ఎక్కువ కాబట్టి అదే గొప్పదని అనుకోనక్కరలేదు, వేయించలేకపోయామని బాధపడనూ అక్కరలేదు.

ఇదంతా సూది వేసిన రోజే మీకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. చెప్పలేదని మీ ప్రశ్న చదివితేనే అర్థమవుతోంది. చదవగానే కోపం వచ్చింది. ఆ వెంటనే నేను చేసిన అలాంటి తప్పే గుర్తుకొచ్చింది.

1992లో, మేడారం జాతర అయిన ఏడాదే, నాకు ఏటూరునాగారం వైపు అడవి దారిలో ఒక తండా అప్పగించారు. బస్సు దిగి, నాలుగు ఐస్ ప్యాకుల మధ్య సీసాలు సర్దిన వ్యాక్సిన్ డబ్బాను భుజాన వేసుకుని గంటన్నర నడవాలి. అక్కడ ఒక తల్లి తన మూడు నెలల కొడుకుకు డీపీటీ, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా, వేయించింది. ఆ రాత్రి పిల్లవాడి ఒళ్ళు కాలిపోయింది. మరుసటి నెల నేను వెళ్తే తలుపు తీయలేదు. "మంచిగా ఆడుకునే పిల్లవాణ్ణి మంచాన పడేశావు" అని లోపలి నుంచే అంది. ఎండలో నడిచి వచ్చిన విసుగులో నేను రిజిస్టరులో 'నిరాకరించారు' అని రాసుకుని పక్క ఇంటికి వెళ్ళిపోయాను. జ్వరం రావచ్చని అంతకు ముందు నెల ఆమెతో ఒక్క ముక్క అనలేదు. చెబితే అసలు సూదే వేయించుకోరని మాలో చాలామందికి ఒక భయం. అది ఎంత తెలివితక్కువ భయమో ఆ చలికాలంలో తెలిసింది.

తండాలోకి కోరింత దగ్గు వచ్చింది. మీ తరం వారు దాన్ని చూసి ఉండరు. దగ్గు మొదలైతే మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. ముఖం ఎర్రబడి, తర్వాత నీలంగా మారి, చివరికి పెద్ద కూతతో గాలి లోపలికి పోతుంది. వెంటనే తాగిన పాలన్నీ కక్కుకుంటారు. కాసేపు తెరిపి, మళ్ళీ అదే. వారాలకు వారాలు సాగుతుంది కాబట్టి పాతకాలంలో వంద రోజుల దగ్గు అనేవారు. ఆ తల్లి గాడిద పాలు పట్టింది, తాయెత్తు కట్టించింది, చివరికి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది. పిల్లవాడు బతికాడు. ఇంటికి వచ్చేసరికి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. ఏడాది పాటు ఆమె నా ముఖం చూడలేదు. తర్వాత ఆడపిల్ల పుట్టినప్పుడు మాత్రం తానే ఎత్తుకుని వచ్చి, "జ్వరం ఎన్నాళ్ళు ఉంటుందో ముందు చెప్పు, తర్వాతే సూది తియ్యి" అంది. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా జ్వరం మాట చెప్పనిదే నేను సీసా ముట్టలేదు. అది విని లేచి వెళ్ళిపోయిన తల్లులు చాలా కొద్దిమంది.

ఇక జబ్బులు ఎక్కడున్నాయన్న మాట. కొన్ని నిజంగానే పోయాయి. మశూచి వస్తే అమ్మవారు పోసిందని వేపాకు కట్టి, పోచమ్మకు మొక్కుకునే కాలాన్ని మా అమ్మ చూసింది. మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచం మొత్తం మీదే లేదని ప్రకటించారు. అందుకే మశూచి టీకా వేయడం మానేశాం. జబ్బు పూర్తిగా పోతే టీకా కూడా పోతుంది. మిగతావి అలా పోలేదు, కనపడకుండా ఉన్నాయి. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని జనం కోరంటి దవాఖాన అంటారు, క్వారంటైన్ అన్న మాట నోట్లో నలిగి అలా అయింది. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో కూడా ఆ ఆసుపత్రికి కంఠసర్పి రోగులు వస్తూనే ఉన్నారు. పోలియో చూడండి. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది, 2014లో పోలియో లేని ప్రాంతమని ధ్రువపత్రం వచ్చింది. అయినా 2016లో హైదరాబాద్ మురుగునీటిలో పోలియో వైరస్ కనిపించింది. చుక్కల మందులోని బలహీనపరచిన వైరసే, టీకా అందని పిల్లల గుండా తిరుగుతూ రూపం మార్చుకున్న రకం అది. పిల్లలెవరికీ జబ్బు రాకముందే అక్కడ లక్షల మంది పిల్లలకు సూది రూపంలోని పోలియో టీకా వేశారు.

అందరూ వేయించుకుంటున్నారు కదా, మా పాప ఒక్కతికి లేకపోతే ఏమవుతుందని కొందరు లెక్కలు వేస్తారు. మీరు వేయలేదు కానీ మీ ప్రశ్న కింద ఒకాయన వేశారు. తట్టు ఒకరికి వస్తే, రక్షణ లేని చోట, పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకుంటుంది. ఊళ్ళో నూటికి తొంభై అయిదు మందికి రక్షణ ఉంటేనే అది ఆగుతుంది. తొమ్మిది నెలలు నిండనిదే తట్టు టీకా వేయరు కాబట్టి, అంతకంటే చిన్న బిడ్డలను కాపాడేది చుట్టుపక్కల పిల్లల టీకాలే. ఇక ధనుర్వాతం విషయంలో ఆయన లెక్క అసలే కుదరదు. అది మనిషి నుంచి మనిషికి రాదు. మట్టిలో, పేడలో ఉంటుంది. ఊరంతా వేయించుకున్నా మీ పాపకు దక్కేదేమీ లేదు, ఆమె ఒంట్లో ఉన్నదే ఆమెకు రక్ష. కొడవలితో బొడ్డు కోసిన పసికందులు వారం తిరిగేసరికి దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేక చనిపోవడం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూశాను. గర్భిణులకు సూదులు, ఆసుపత్రి కాన్పులు కలిసి ఆ చావులను తగ్గించాయి. 2015లో దేశంలో ఆ సమస్య దాదాపు తీరినట్టు ప్రకటించారు. మట్టి మాత్రం అలాగే ఉంది.

టీకా లేకపోతే ఎలా ఉంటుందో మన ప్రాంతానికి బాగా తెలుసు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు వచ్చిన మెదడువాపు మీ అత్తగారికి గుర్తుండే ఉంటుంది, అడగండి. పొద్దున ఆడుకున్న పిల్లలకు సాయంత్రానికి జ్వరం, రాత్రికి ఫిట్స్, మరుసటి రోజుకు ప్రాణం లేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఆ లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరితే 183 మంది చనిపోయారు. వరంగల్, కరీంనగర్ జిల్లాల ఇళ్ళు చాలా ఖాళీ అయ్యాయి. ఇసుక ఈగలు తెచ్చే చాందీపురా వైరస్ అని తర్వాత తేలింది. మేము ఇంటింటికీ తిరిగి గోడల పగుళ్ళు పూడ్చమని, పేడకుప్పలు దూరంగా వేయమని చెప్పడం తప్ప చేయగలిగింది లేదు. అంతకు ముందు తట్టు టీకా వద్దని నన్ను రెండుసార్లు వెనక్కి పంపిన ఒక తాత మనవణ్ణి భుజాన వేసుకుని సబ్ సెంటర్‌కు వచ్చి, "దీనికి సూది లేదా బిడ్డా" అని అడిగాడు. లేదు. ఇప్పటికీ లేదు.

ప్రమాదం అసలే లేదని నేను అనను, అలా అనేవారిని నమ్మకండి. తీవ్రమైన అలర్జీ పది లక్షల మోతాదులకు సుమారు ఒకటి వస్తుంది. అది వచ్చేది చాలావరకు మొదటి కొన్ని నిమిషాల్లోనే, అందుకే సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. కూర్చోండి, బండి స్టార్టు చేసి వెళ్ళిపోకండి. మూడు గంటలకు మించి ఊరుకోబెట్టినా ఊరుకోకపోతే, ఫిట్స్ వస్తే, పాలు తాగకుండా మగతగా పడుకుంటే, రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. వీటిలో ఏదైనా మొదటిసారి వచ్చి ఉంటే రెండో సూదికి ముందే ఆ సంగతి చెప్పాలి. మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ లేదు.

నాకు టీకా కంటే దాని చుట్టూ జరిగే అజాగ్రత్త ఎక్కువ భయం. 2019 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక కేంద్రంలో పెంటా వేసిన పసివాళ్ళకు జ్వరం మాత్రలకు బదులు ట్రమడాల్ అనే బలమైన నొప్పి మాత్రలు ఇచ్చారు. పసిప్రాణాలు పోయాయి. ఊళ్ళలో మాత్రం పెంటా చంపిందనే చెప్పుకున్నారు. కాబట్టి ఇచ్చిన మాత్ర మీద పేరు చదవండి, పారాసెటమాల్ అని ఉండాలి, బరువును బట్టి ఎంత వేయాలో రాయించుకోండి. సీసా మీద ఒక గుండ్రని గుర్తు ఉంటుంది, దాని నడుమ చిన్న చతురస్రం. ఆ చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉంటే టీకా వేడికి పాడవలేదని లెక్క. తొమ్మిది నెలలకు వేసే తట్టు, రుబెల్లా టీకా కలిపిన నాలుగు గంటల్లో వాడాలి, ఎప్పుడు కలిపారని అడగండి. అడిగితే విసుక్కునే వారు ఉంటారు. విసుక్కోనివ్వండి.

టీకాతో ఆటిజం వస్తుందని వచ్చిన సందేశం గురించి కూడా అడిగారు. 1998లో పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఒక పత్రం దానికి మూలం. ప్రచురించిన పత్రికే 2010లో దాన్ని రద్దు చేసింది, రాసిన వైద్యుడి లైసెన్సూ పోయింది. ఇంతకు మించి దాని మీద సమయం పెట్టను.

రెండో సూది వేయించాల్సిన పది వారాలు దాటిపోయాయని కంగారు పడకండి. మొదటి సూదికీ రెండోదానికీ నాలుగు వారాల ఎడం ఉంటే చాలు, ఆలస్యమైనా మళ్ళీ మొదటి నుంచి వేయించనక్కరలేదు. కొంచెం జలుబు ఉన్నా వేయించవచ్చు. మన దగ్గర బుధ, శనివారాల్లో వేస్తారు. బుధవారం అయితే మరుసటి రెండు రోజులూ డాక్టరు దొరుకుతాడు కాబట్టి నేను అదే చెబుతాను. పాలు పట్టించి, వదులైన గౌను వేసి, కార్డు పట్టుకుని వెళ్ళండి. వాచిన తొడ మీద నూనె రుద్దకండి, చల్లటి తడిగుడ్డ వేయండి. మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళండి, ఆమె అడగాలనుకున్నవన్నీ అక్కడి ఏఎన్ఎంనే అడగనివ్వండి. ఇంకా ఏమైనా ఉంటే ఇక్కడే రాయండి, రాత్రి మనవరాలు పడుకున్నాక చూస్తాను.