కాఫీ షాపు బోర్డుకీ ప్యాకెట్‌కీ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ ఫాంట్ నప్పుతుందా?

విశాఖ బీచ్ రోడ్డులో పెట్టబోయే కాఫీ షాపు కోసం చేత్తో గీసిన ఇటాలిక్ (పక్కకి వాలిన) స్లాబ్ సెరిఫ్ ఫాంట్ కొన్నారు, బోర్డు, ప్యాకెట్, మెనూ మూడింటికీ అదే వాడొచ్చా అని అడిగారు. బోర్డుకీ ప్యాకెట్ మీద పేరుకీ నిక్షేపంగా వాడండి. మెనూలో మాత్రం శీర్షికల దగ్గరే ఆపండి.

స్లాబ్ సెరిఫ్‌లో అక్షరం చివర పట్టీలు దాదాపు నిలువు గీతంత లావుగా ఉంటాయి. 1810ల్లో లండన్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే ఫౌండ్రీల్లో పుట్టిన తీరిది. పోస్టర్లలో దూరానికి కనబడటమే దాని పని. ఇటాలిక్‌గా గీస్తే ఆ బరువు పోకుండానే కదలిక వస్తుంది. అందుకే రెండు మూడు మాటల పేరుకి చాలా అందం. అదే పేరాకి పెడితే పట్టీలు ఒకదానికొకటి తగులుకుని లైనంతా నల్లగా కనిపిస్తుంది.

చెడేది ఎక్కువగా డీటీపీ దగ్గరే. ఇటాలిక్ ఫైలు లేకపోతే రెగ్యులర్ టైప్ చేసి 'ఐ' బటన్ నొక్కేస్తారు. సాఫ్ట్‌వేర్ నిటారు అక్షరాన్నే పక్కకి తోస్తుంది, గుండ్రటి ఒంపులు ఒక పక్క లావెక్కి ఒక పక్క సన్నబడతాయి. కాబట్టి మీరే టైప్ చేసి, కోరల్ డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ఫాంట్ ఫైలు బయటివాళ్ళకి ఇవ్వడానికి చాలా లైసెన్సులు ఒప్పుకోవు కూడా.

ఇంగ్లిష్‌లో 'కాఫీ' రాస్తే ఎఫ్ రెండు, ఇ రెండు పక్కపక్కనే వస్తాయి. రెండు ఎఫ్‌లూ అచ్చు ఒకేలా వంకర పోతే చేత్తో గీసిన భావం అక్కడే పోతుంది. ఫాంట్‌లో ఆల్టర్నేట్ అక్షరాలు (అదే అక్షరానికి వేరే రూపాలు) ఉంటే ఓపెన్‌టైప్ మెనూలో ఆన్ చేయండి. లేకపోతే కర్వ్స్ చేశాక రెండో ఎఫ్ పట్టీని కాస్త కురచ చేయండి. కెర్నింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం కూడా అక్కడ చేత్తోనే సరిచూడాలి.

బోర్డు విషయానికొస్తే, ఎంత దూరం నుంచి చదవాలో ఆ అడుగులని పదితో భాగిస్తే అక్షరం ఎత్తు అంగుళాల్లో వస్తుంది. 80 అడుగులకి 8 అంగుళాలు. యాక్రిలిక్‌ని రూటర్ (తిరిగే బిట్‌తో కోసే యంత్రం) మీద 3 మిల్లీమీటర్ల బిట్‌తో కోస్తే లోపలి మూలలు ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రబడతాయి. పట్టీల పదును పోకూడదంటే లేజర్ కట్ అడగండి. స్టీల్ అక్షరాలైతే 316 గ్రేడ్ పట్టుబట్టండి, సముద్రపు ఉప్పుగాలికి 304 గ్రేడ్ మీద మచ్చలు పడతాయి. బిగించేటప్పుడు అసలు సైజు కాగితం ప్రింటు గోడకి అంటించి, దాని మీదుగానే రంధ్రాలు వేయించండి. కంటి అంచనాతో పెడితే ఒక్కో అక్షరం ఒక్కో కోణంలో వాలుతుంది.

పక్కన వచ్చే తెలుగు పేరుని దయచేసి వంచకండి. మన తలకట్టు, కొమ్ములకి వాటి వాలు వాటికుంది, వంచితే గుర్తుపట్టడమే కష్టం. బోర్డుకి రామభద్ర, మెనూలో మండలి అనే తెలుగు ఫాంట్లు నిటారుగానే సరిపోతాయి. వత్తులకి కింద చోటు వదలండి. ధరల అంకెలు కూడా నిటారు ఫాంట్‌లోనే, అన్ని అంకెలూ ఒకే వెడల్పున్నదాంట్లో పెట్టండి.