సైబర్ యుద్ధం పనికి వెళ్తానంటోంది మా అమ్మాయి, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, బట్టల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు చదువుతోంది. లెక్కల్లో చురుకు. ఏడాదిగా ఉక్రెయిన్ డ్రోన్లు, హ్యాకింగ్ వీడియోలు చూస్తూ ‘సైబర్ వార్‌ఫేర్‌లోకి వెళ్తాను’ అంటోంది. ఆడపిల్లకి యుద్ధం పనేమిటని వాళ్ళమ్మ టెన్షన్ పడుతోంది. ఈలోగా విశాఖ నుంచి ఒకాయన వచ్చి, అక్కడో కాలేజీలో సైబర్ సెక్యూరిటీ బీటెక్‌కి మేనేజ్‌మెంట్ సీటుంది, ఇప్పుడే అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తామంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: అడ్వాన్స్ కట్టకండి. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు వాళ్ళమ్మగారి భయం సంగతి చూద్దాం. అమ్మాయి అడుగుతున్న పని ఎలా ఉంటుందో తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

2015 డిసెంబర్ 23న పశ్చిమ ఉక్రెయిన్‌లో ఒక కరెంటు కంపెనీ కంట్రోల్ రూములో ఉద్యోగి తన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి వెయ్యకుండానే తెర మీద మౌస్ బాణం కదిలింది. నేరుగా ఒక సబ్‌స్టేషన్ బ్రేకర్ (కరెంటు ఆపే పెద్ద స్విచ్చి) మీదికి వెళ్ళి దాన్ని ఆఫ్ చేసింది. తర్వాత ఇంకోటి. అతను మౌస్ పట్టుకుని ఎంత లాగినా లాభం లేకపోయింది. కాసేపటికి లాగౌట్ కూడా అయిపోయాడు, మళ్ళీ లోపలికి వెళ్దామంటే పాస్‌వర్డ్ మారిపోయి ఉంది. ఆ సాయంత్రం మూడు పంపిణీ కంపెనీల కింద సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫోన్ చేసి అడుగుదామంటే, కాల్ సెంటర్ లైన్లన్నీ దొంగ ఫోన్లతో నింపేశారు.

ఇంతకీ వాళ్ళు లోపలికి ఎలా దూరారు? నెలల ముందు ఉద్యోగులకు వచ్చిన ఈమెయిల్లోని ఒక వర్డ్ ఫైలు ద్వారా. తెరిచినవాళ్ళు ‘ఎనేబుల్’ నొక్కారు, అంతే. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) నొక్కి మనవాళ్ళు బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకుంటున్నదీ ఇదే దారిలో. ఆ రోజు కరెంటు కొన్ని గంటల్లోనే తిరిగొచ్చింది, ఎందుకంటే సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్ళి బ్రేకర్లు చేత్తో వేశారు. అలా వేసే ఏర్పాటు ఇంకా మిగిలి ఉండబట్టి సరిపోయింది.

మీ అమ్మాయి చూస్తున్న వీడియోల్లో ముసుగేసుకుని కీబోర్డు టకటకలాడించే మనిషి కనిపిస్తాడు. ఉద్యోగాల్లో ఎక్కువ భాగం మాత్రం అటు దాడి చేసేవి కావు, ఇటు కాపలా కాసేవి. కరెంటు, ఆస్పత్రి, బ్యాంకు, రైలు, ఫోను ఆగకుండా చూసే పని. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి వెళ్ళడానికి గంట ముందు వయాశాట్ అనే కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెమ్‌లను పాడుచేశారు. యుద్ధం ఉక్రెయిన్‌లో, కానీ అదే దెబ్బకి ఒక జర్మనీ కంపెనీకి మధ్య యూరప్‌లోని సుమారు 5,800 గాలిమరలతో సంబంధం తెగిపోయింది. మరలు తిరుగుతూనే ఉన్నాయి, దూరం నుంచి చూసుకునే వీలే పోయింది. మన దగ్గర 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు గుంజే వైరస్) దెబ్బకి పడిపోతే రోజుల తరబడి చీటీలన్నీ చేత్తో రాసుకున్నారు. ఇలాంటివి ఆపడానికే కేంద్రం 2004లో సైబర్ దాడుల సంగతి చూసే సెర్ట్-ఇన్ సంస్థను, 2014లో కరెంటు, బ్యాంకుల్లాంటి కీలక వ్యవస్థల కోసం ఎన్‌సీఐఐపీసీ సంస్థను పెట్టింది. సైన్యం తరఫున మూడు దళాల అధికారులతో డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ ఉంది.

డ్రోన్ల సంగతికి వస్తే మీరు ఉక్రెయిన్ దాకా వెళ్ళక్కర్లేదు. బరంపురం దాటితే గోపాల్‌పూర్. మనవాళ్ళు సముద్రస్నానానికి వెళ్ళొస్తారు గానీ, అక్కడే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉందని చాలామందికి పట్టదు. శత్రు విమానాల మీద కాల్చే విద్య నేర్పే చోటు అది. 2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 దాకా డ్రోన్లు పంపిందని మన సైన్యం చెప్పింది. వాటిని కూల్చినవాటిలో ఎల్-70 ఫిరంగులూ ఉన్నాయి. దశాబ్దాల నాటి తుపాకీ అది, దానికి కొత్తగా రాడార్, కెమెరా తగిలించారు. అదే నెల 13న గోపాల్‌పూర్ ఫైరింగ్ రేంజిలో గుంపు డ్రోన్లను చిన్న చిన్న రాకెట్లతో కొట్టే ‘భార్గవాస్త్ర’ను పరీక్షించారు. ఇందులో ఎలక్ట్రానిక్స్ ఎంత ఉందో, ప్రోగ్రామింగ్ ఎంత ఉందో అమ్మాయినే అడగండి, మీకే పాఠం చెప్తుంది.

ఇప్పుడు చదువు. పైన చెప్పినవి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఉక్రెయిన్‌లో బ్రేకర్ల సంగతి తెలిసినవాడు ఎలక్ట్రికల్ ఇంజనీరు. మోడెమ్‌లు, రాడార్లు ఎలక్ట్రానిక్స్ వాళ్ళవి. ఎయిమ్స్ సర్వర్లు కంప్యూటర్ సైన్స్ వాళ్ళవి. అందుకని బ్రాంచి పేరులో ‘సైబర్’ అన్న మాట ఉండాల్సిన పని లేదు. చాలా ప్రైవేటు కాలేజీల్లో సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ అంటే మామూలు సీఎస్ఈలో నాలుగైదు పేపర్లు మార్చినదే. కోర్సు చెడ్డదని కాదు, ఆ పేరు కోసం మేనేజ్‌మెంట్ ఫీజు పొయ్యడమే దండగ. ఆ కాలేజీకి ఎప్పుడైనా వెళ్తే రెండే అడగండి: నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎవరు చెప్తారు? ల్యాబ్ ఒకసారి చూపిస్తారా? బ్రోషర్ చేతిలో పెట్టి టీ ఇప్పిస్తే లేచి వచ్చెయ్యండి.

సీట్ల దగ్గర మన సరిహద్దు జిల్లాల వాళ్ళకో చిక్కుంది. ఇంట్లో తెలుగు మాట్లాడినా, చుట్టాలంతా పాతపట్నం, టెక్కలిలో ఉన్నా, మీ అమ్మాయి చదువంతా ఒడిశాలోనే కాబట్టి ఆంధ్ర కన్వీనర్ కోటాలో 85 శాతం లోకల్ సీట్లు ఆమెకి రావు. మిగతా 15 శాతానికీ నివాసం షరతులున్నాయి. ఇక మిగిలేది మేనేజ్‌మెంట్ సీటే, ఏజెంట్లు గీత దాటి మన ఊళ్ళకి వచ్చేది అందుకే. కానీ గీతకి ఇటువైపు మీకు లాభం ఉంది. జేఈఈ మెయిన్‌లో సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. ఎన్ఐటీ రూర్కెలాలో సగం సీట్లు ఒడిశా వాళ్ళవి, పైగా ఆడపిల్లలకి అదనపు సీట్లున్నాయి. మోజుపడి ఇంటర్‌కి శ్రీకాకుళమో విశాఖో పంపేసినవాళ్ళ పిల్లలు ఈ కోటా పోగొట్టుకున్నారు. మీరు ఇక్కడే ఉంచి మంచి పని చేశారు. ఆ ర్యాంకు రాకపోతే అదే జేఈఈ మార్కులతో ఒడిశా రాష్ట్ర ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో బుర్లాలో వీఎస్ఎస్‌యూటీ, భువనేశ్వర్‌లో ఓయూటీఆర్ అనే వర్సిటీలు, బరంపురంలో పరళా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. చివరిది మీ ఊరి రాజుగారి పేరు మీదున్న ప్రభుత్వ కాలేజీ. అందులో ఎలక్ట్రికలో కంప్యూటర్ సైన్సో వస్తే, విశాఖ మేనేజ్‌మెంట్ సీటు కన్నా నేను దానికే ఓటేస్తాను. తహసీల్ ఆఫీసు నుంచి రెసిడెంట్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి ఉంచుకోండి, కౌన్సెలింగ్ వారంలో పరుగులు తప్పుతాయి.

యూనిఫాం మీదే మనసుంటే ఎన్‌డీఏ (సైనికాధికారులను తయారుచేసే అకాడమీ) ప్రవేశ పరీక్ష రాయొచ్చు. 2022 నుంచి అమ్మాయిలనీ చేర్చుకుంటున్నారు, తొలి బ్యాచ్ నుంచి 17 మంది 2025 మేలో బయటికొచ్చారు. సీట్లు తక్కువ, పోటీ విపరీతం. అది తప్పినా బీటెక్ తర్వాత ఆర్మీలో షార్ట్ సర్వీస్ టెక్నికల్, ఎయిర్‌ఫోర్స్‌లో ఏఎఫ్‌క్యాట్ పరీక్షతో టెక్నికల్ పోస్టులు ఉన్నాయి. గేట్ (ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు బాగుంటే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్ట్ ఉద్యోగాలకి ప్రయత్నించవచ్చు. బీటెక్ అయ్యాక సెక్యూరిటీలో ప్రత్యేకంగా నేర్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ నడిపే పీజీ డిప్లొమా ఉంది, ఖర్చు పెద్ద ఎంటెక్ కన్నా తక్కువ.

మొదటి ఉద్యోగం ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి చెప్పండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, మూడు షిఫ్టులు, తెర మీద వరసగా అలర్ట్‌లు. వందలో చాలా ఉత్తుత్తివే. నిజమైనది ఏదో పట్టుకోవడమే పని. రాత్రి 3 గంటలకి కూడా లాగ్ ఫైలు (కంప్యూటర్లో జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) ఓపిగ్గా చదివేవాళ్ళు నిలబడతారు, మిగతావాళ్ళు ఏడాదిలో వేరే దారి చూసుకుంటారు. ఆ ఓపిక ఉందో లేదో ఇప్పుడే తేల్చుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం నేర్చుకుని, పికోసీటీఎఫ్ అనే ఆన్‌లైన్ పోటీ ఆడమనండి. స్కూలు పిల్లల కోసం అమెరికాలో కార్నెగీ మెలన్ వర్సిటీ నడిపేది, ఉచితం. వేసవి సెలవుల్లో చాలు, ఇప్పుడు మాత్రం జేఈఈ.

ప్రాక్టీసు పేరుతో కాలేజీ వైఫైలోకో, స్నేహితురాలి ఇన్‌స్టాగ్రామ్‌లోకో దూరడం మాత్రం వద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ళ జైలు, 5 లక్షల జరిమానా దాకా పడొచ్చు. పైగా రక్షణ శాఖ ఉద్యోగాలన్నిటికీ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది.

‘కంప్యూటర్ వస్తే చాలు, కంబోడియాలో డేటా ఎంట్రీ, జీతం డాలర్లలో’ అనే ఏజెంట్లు ఉత్తరాంధ్రలోనూ ఒడిశాలోనూ తిరిగారు. నమ్మి వెళ్ళినవాళ్ళ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశస్తులనే ఫోన్లో మోసం చేసే పనిలో పెట్టారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇక్కడి ఏజెంట్లను పట్టుకున్నారు, అదే నెలలో అక్కడ చిక్కుకున్న మనవాళ్ళు వందలమంది ఎదురుతిరిగారు. అమ్మాయి తోటివాళ్ళలో ఎవరైనా ఇలాంటి మాట చెప్తే, ముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఆ ఏజెంటు రిజిస్టరై ఉన్నాడేమో చూడమనండి. డబ్బు పోయిన కేసైతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

ఇంకో సంగతి. ఆమెకి యంత్రాల కన్నా ‘ఏ దేశం ఎవరి మీద ఎందుకు పడింది’ అన్నదే ఎక్కువ ఆసక్తి అయితే దారి వేరు. ఢిల్లీ జేఎన్‌యూలో సీయూఈటీ ప్రవేశ పరీక్ష ద్వారా బీఏలో రష్యన్, చైనీస్, అరబిక్ లాంటి భాషలు, తర్వాత అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ చెయ్యొచ్చు. ఉద్యోగాలు ఇంజనీరింగ్ అన్ని ఉండవు, ఉన్నవాటికి చదువు లోతుగా ఉండాలి. వీడియో చూశాక ఆమె గూగుల్లో ఏం వెతుకుతోందో గమనించండి, డ్రోన్ మోటారు గురించా, తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్ చరిత్ర గురించా. ఫారాలు నింపే ముందు ఆ సంగతి ఆమెతో కూర్చుని మాట్లాడండి.